రెండు హాష్‌లూ ఒకటే

తెనాలి, గురువారం

రేపల్లెలో నాకు కంప్యూటర్ నేర్పిన మాస్టారు ఇవాళ మా కాలేజీకి వచ్చారు, తాను రాశానంటూ ఒక హాజరు సాఫ్ట్‌వేర్ పట్టుకుని. నేనిక్కడ పనిచేస్తున్నానని తెలియదు కాబోలు, నన్ను చూసి తడబడ్డారు.

ల్యాబ్‌లోకి ఏ ఫైలు వచ్చినా దాని హాష్ తీసి, తెలిసిన ఫైళ్ల జాబితాతో పోల్చడం నా పని. పోల్చాను. తెలిసిన ఫైలేనని వచ్చింది. నేను రాసినవి కూడా ఆ జాబితాలో ఎక్కించుకున్నాను మరి. ఇది మూడేళ్ల క్రితం తప్పులుంటే దిద్దమని ఆయనకిచ్చిన నా ప్రోగ్రామే.

ప్రిన్సిపాల్ గారు ఫోన్ మాట్లాడడానికి బయటికెళ్లగానే అడిగాను. "ఇది నేను రాసిందేగా మాస్టారూ?"

"ఐడియా నీదేనమ్మా, కాదనను. కానీ అన్నీ తప్పులే. మొదటి నుంచీ కూర్చుని తిరగరాశాను."

హాష్ అంటే ఫైలు వేలిముద్ర, లోపల ఒక్క అక్షరం మారినా అది మొత్తం మారిపోతుందని నాకు పాఠం చెప్పింది ఈయనే. నా స్క్రీన్ మీద రెండు హాష్‌లూ పొల్లు పోకుండా ఒకటే. దొంగతనం కన్నా అదే ఎక్కువ మండింది. ఆయన దిద్ది ఇస్తారని మూడేళ్లు ఎదురుచూశాను, పిచ్చిదాన్ని.

ఇంతలో ప్రిన్సిపాల్ గారు లోపలికొచ్చారు. "ఏంటమ్మా, ఫైలు మంచిదేనా?"

స్క్రీన్ ఆయన వైపు తిప్పితే సరిపోయేది. మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నేలచూపులు చూస్తున్నారు.

"తెలిసిన ఫైలేనండి. ప్రమాదం లేదు," అన్నాను.

రిజిస్టర్‌లోనూ అదే రాసి సంతకం పెట్టాను. నా ప్రోగ్రాముకి నా పేరు తగిలింది ఆ ఒక్క చోటే.