రంగులు తీసేసిన బొమ్మ

ఆగస్టు 4
ఫైనల్ ఇయర్ బయోకెమిస్ట్రీ వాళ్లకి ఈరోజు ప్రోటీన్ బొమ్మ ఇచ్చాను. వాళ్ల పుస్తకంలో ఉన్నదే, రంగులు మాత్రం తీసేశాను. క్లాసంతా తెల్లమొహం వేసింది. "ఎర్రగ లేదు గద మేడం, హెలిక్స్ ఎట్ల తెలుస్తది?" మెలిక కళ్లముందు కనబడుతుంటే రంగు అడుగుతారేమిటి, ఖర్మ!

ఆగస్టు 5
దొంగ దొరికింది. మైత్రీవనం వెనక అమ్మే జిరాక్స్ నోట్సు. అన్నీ నలుపు తెలుపు బొమ్మలే. వాటికి వీళ్లే స్కెచ్ పెన్నులతో రంగులు వేసుకుంటారు, సీనియర్లు వేసినట్టే. మెలికకి ఎరుపు, బొమ్మలో బాణాల్లా గీసిన పట్టీలకి పసుపు. ప్రతి బ్యాచికీ అదే ఎరుపు. నవ్వొస్తోంది, ఒళ్లూ మండుతోంది...

ఆగస్టు 7
ఇక రాయించను. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి బొమ్మ చూపించి మాట్లాడిస్తున్నాను. సమీనా వచ్చింది. బోరబండ పిల్ల, క్లాస్ ఫస్ట్. బొమ్మలో రిబ్బన్లలా గీసిన మెలికల మధ్య తెల్లగా ఉన్నచోట వేలు పెట్టింది. "గిదంత ఖాళీ జాగా కద మేడం. మందు గిట్లకెళ్లి లోపటికి పోతది."
ఖాళీనా! పరమాణువులు కిక్కిరిసి ఉండే చోటు అది. రిబ్బను అనేది మన వీలు కోసం గీసుకున్న గీత. మార్కులన్నీ వేశాం, ఈ ఒక్క ముక్క చెప్పలేదు.

ఆగస్టు 8
ఇంటర్నల్ పేపర్లో బొమ్మ ప్రశ్న పెడతానని హెచ్‌ఓడీ మూర్తి గారికి చెప్పాను. "ఏంటండీ, టాపర్ మార్కులు మీరే తగ్గిస్తారా? మీ కాంట్రాక్టు రెన్యువల్ కూడా ఈ నెల్లోనే కదా."
బెదిరింపో, గుర్తు చేయడమో. పెట్టి తీరతాను.

ఆగస్టు 11
పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటో కదలదు. ఈ ఉద్యోగం నాకు కావాలి. చాలా కావాలి. భయంగా ఉంది.

ఆగస్టు 12
స్టాఫ్ రూమ్ బయట సమీనా. బొమ్మ ప్రశ్న సంగతి అందరికీ తెలిసిపోయిందట. తీసేయమంటుందేమో అనుకున్నాను.
"ఉంచుండ్రి మేడం. తప్పయితే తప్పే వెయ్యిండ్రి. రేపు కంపెనీల గిట్లనే చెప్తే నన్ను చూసి నవ్వుతరు."
సరేనని తల ఊపి పంపించాను.

ఆగస్టు 14
పేపర్ సీలు వేసి మూర్తి గారికి ఇచ్చాను. మొదటి ప్రశ్నే బొమ్మ. పిల్లలెవరూ చూడని ప్రోటీన్. తీసేశారా అని అడిగారు. లేదన్నాను. కవరు సొరుగులో పెట్టి తాళం వేశారు.
పరీక్ష సోమవారం. ఆ సొరుగులోంచి నా పేపరే వస్తుందో, వేరేది వస్తుందో... ఇన్విజిలేషన్‌కి నా పేరు రాయించుకున్నాను. ప్రశ్న మారితే బోర్డు మీద నేనే గీస్తాను. సుద్దముక్క బ్యాగులో వేసుకున్నాను.