నీళ్లకు జ్వరం

మార్చి 3, సోమవారం

అక్క ఫిల్మ్ ఇంకా కడగలేదు. భయం.

వెడల్పు ఫిల్మ్, పన్నెండు ఫొటోలు. అక్క చివరిసారి అద్దిన నూలు పన్నెండు రంగుల్లో పెరట్లో ఆరుతుంటే తీశాను. ఆ నూలు నేతగాడు పట్టుకుపోయాడు. మళ్లీ తీయడానికి లేదు. 20న అక్కకు కంటి ఆపరేషన్. గ్యారంటీ లేదన్నాడు డాక్టరు. కుడికన్ను పోయింది. ఎడమది ముక్కు దగ్గర పెట్టుకున్న వస్తువును ఇంకా చూస్తుంది. అదీ పోయేలోపు రంగులు ఒకసారి చూసుకుంటానంది.

ఫొటో షాపతను ప్రింట్ వేస్తాడు కానీ ఈ ఫిల్మ్ కడగడట. నలుపు తెలుపు నలభై ఏళ్లు కడిగాను. కలర్ ఇదే మొదలు. ముందు వేరే రోల్‌తో చూస్తాను.

మార్చి 5, బుధవారం

ఒక అంచు పొడుగునా పల్చగా వచ్చింది. డెవలపర్ మందు చిన్న ఫిల్మ్ కొలతలో పోశాను. వెడల్పు ఫిల్మ్ మునగలేదు. ఇన్నేళ్ల అనుభవం, సిగ్గుచేటు.

మార్చి 8, శనివారం

అంచు బాగుంది. రంగు బాగాలేదు. ఎర్ర తువాలు ఆరేసి తీశాను, ప్రింట్‌లో ఇటుకపొడిలా ఉంది. మందు పాతదేమో పెద్దాయనా అన్నాడు షాపతను. ఇంకో మాట అడగాలనుకున్నాను. వెనక నలుగురు నిలబడ్డారు. వచ్చేశాను.

మార్చి 11, మంగళవారం

కొత్త మందు. కొత్త రోల్. మళ్లీ ఇటుకపొడే.

మార్చి 12, బుధవారం

ఫిల్మ్ ఇంకా కెమెరాలోనే ఉందని అక్కతో చెప్పాను. అరవై తొమ్మిదేళ్లొచ్చి అబద్ధం.

మార్చి 14, శుక్రవారం, ఉదయం 10

దొరికిపోయాను. మందు సీసాలు వేడినీళ్ల బకెట్‌లో పెట్టుకుని కూర్చున్నాను. గోడ పట్టుకుంటూ అక్క స్నానాలగదిలోకి వచ్చేసింది. వారం నుంచి వాసన వస్తోందట. నీకు అబద్ధం చిన్నప్పుడూ రాలేదు, ఇప్పుడూ రాలేదు, అంది. మొత్తం చెప్పాను. నీళ్లు ఎంత వేడి ఉండాలని అడిగింది. ముప్పై ఎనిమిది, సరిగ్గా ఉంది, థర్మామీటర్ చూశానన్నాను.

మోచెయ్యి బకెట్‌లో పెట్టింది. ఇంత చల్లటి నీళ్లలో రంగు కలిపితే నూలు నవ్వుతుందిరా, అంది. యాభై ఏళ్లు అద్దకం తొట్లు చూసిన మోచెయ్యి. నాకు కోపం వచ్చింది.

అక్కే వెళ్లి జ్వరం థర్మామీటర్ తెచ్చింది. పెట్టి చూశాను. తొంభై అయిదు. ముప్పై ఎనిమిదంటే జ్వరం లెక్కలో వంద దాటాలి. నీ నీళ్లకు జ్వరం లేదు సరికదా, కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి, గంజి పట్టించు, అని ఒకటే నవ్వు.

నా పాత థర్మామీటర్ వెలుగులో పెట్టి చూశాను. లోపల ఎర్ర గీత మధ్యలో తెగింది. తెగిన ముక్క పైకెక్కి మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. నేను పట్టుకునే చోటే తెగింది. ఇన్నాళ్లూ బొటనవేలితో దాన్నే మూసిపెట్టాను.

మార్చి 15, శనివారం

పరీక్ష రోల్. తువాలు ఎర్రగా వచ్చింది. ఎవరూ అడక్కుండానే షాపతనికి జ్వరం సంగతి చెప్పాను. వెనక ముగ్గురున్నారు.

మార్చి 17, సోమవారం

అక్క రోల్. వెలుగు తగలని చీకటి సంచిలో ఫిల్మ్ రీలుకు చుడుతుంటే రెండుసార్లు తప్పింది. ఫిల్మ్ మందులో ఉన్న మూడుంపావు నిమిషాలూ అక్క మోచెయ్యి నీళ్లలోంచి తీయలేదు. చల్లారుతోంది, వేడినీళ్లు పొయ్యి పొయ్యి అని ఒకటే కేకలు. పోశాను.

తీసి వేలాడదీశాను. పన్నెండూ ఉన్నాయి.

మార్చి 19, బుధవారం

ప్రింట్లు వచ్చాయి. అక్క ఒక్కొక్కటీ ముక్కుకు ఆనించి చూసింది. పదకొండూ చూసి పక్కన పెట్టింది. పన్నెండోది ఎరుపు. దాని దగ్గర ఆగిపోయింది. ఒకచోట వెలిసిందంది. నా ప్రాణం పోయింది. మళ్లీ నేనే చెడగొట్టాననుకున్నాను.

కాదట. చిలప అంటే నూలు కట్ట, దానికి ముడి బిగించి కట్టిన చోట రంగు ఎక్కలేదట. ముక్కు దగ్గర పెట్టుకుంటే జానెడు నూలే కనిపించేది, చిలప మొత్తం ఇవాళే చూశానంది. నీది సరిగ్గానే ఉందిరా, తప్పు నాదే, అంది. నేతగాడికి కబురు పెట్టమంది. ఆ ఎరుపు మళ్లీ అద్ది ఇస్తుందట.

మార్చి 20, గురువారం

అక్కను ఆపరేషన్‌కు లోపలికి తీసుకెళ్లారు. కట్టు విప్పగానే ఎరుపు చూపించమంది. ఆ ఫొటో ప్రింట్లన్నిటికీ అడుగున ఉంది. తీసి పైన పెట్టాను.