ఆ రెండు నిమిషాల ఆట నువ్వే రాయాలి

సూర్యాపేట,
ఆదివారం సాయంత్రం

చెల్లి సరళకు అక్క సుగుణ ప్రేమతో, దీవెనలతో రాస్తున్నది.

నేనిక్కడ కులాసా. నాన్నగారి దగ్గు తగ్గిందా? అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? నా గురించి బెంగపడొద్దని ఇద్దరికీ చెప్పు. దవాఖానలో నర్సు పని అలవాటైంది. చూశావా, ఆసుపత్రి అనడం కూడా మరిచిపోయాను! ఎండలు మాత్రం మన కాకినాడలోలా కాదు. చెమట పట్టదు, ఒళ్లు మాడిపోతుంది. జొన్నరొట్టె తినడం నేర్చుకున్నాను. డ్యూటీ దిగాక మాట్లాడే మనిషి లేక మీరంతా గుర్తొస్తారు. అయినా బాగానే ఉన్నాను, నిజంగా.

మీ కాలేజీ బాస్కెట్‌బాల్ ఫైనల్ టీవీలో వస్తుందని నువ్వు రాశావు కదా, మా ఇంటి ఓనరు అనసూయమ్మగారిని వారం ముందే అడిగిపెట్టుకున్నాను. వాళ్లకు బియ్యం కొట్టుంది. నిన్న మధ్యాహ్నం కొట్టు వాళ్లాయనకు అప్పజెప్పి, ఆవిడ కూడా నా పక్కనే కూర్చుంది.

ఏం చూపించారే! మొదటి పావుగంట ముఖ్య అతిథి మెడలో దండలే. ఆట మొదలయ్యాక బంతి ఒకవైపు, కెమెరా ఇంకోవైపు. నిన్ను "ఏడో నంబరు అమ్మాయి" అన్నారు తప్ప ఒక్కసారైనా పేరు చెప్పలేదు.

"గా ఏడో నంబరు పిల్లనేనా నీ చెల్లె? మస్తుగ ఉరుకుతున్నది!" అంది అనసూయమ్మగారు.

"అవునండీ. ఆ నంబరు మొదట నాదే," అన్నాను. ఆవిడ అడగలేదు.

ఆవిడ నావైపు తిరిగి, "చెల్లె ఆడుతుంటె సంబురపడాలె గని, గట్ల మొఖం ముడుసుకున్నవేంది బిడ్డా?" అంది.

ఏం చెప్పను? అదే కాలేజీలో రెండేళ్లు ఆ ఏడో నంబరు చొక్కా తొడుక్కున్నాను. మా ఆటకు టీవీ మాట అటుంచు, దారిన పోతూ సైకిలాపి చూసినవాడు కూడా లేడు. నేను ఉద్యోగానికి ఇటొచ్చాక నీకు చొక్కా వచ్చింది, దాంతోపాటు టీవీ కూడా వచ్చింది. నువ్వు దూరం నుంచి వేసిన బంతి రింగు చుట్టూ తిరిగి బయట పడ్డప్పుడు, సరళా, నాకు సంతోషమేసింది. అక్కనై ఉండి ఈ మాట రాస్తున్నాను.

తర్వాత స్కోరు సమానమైంది. రెండు నిమిషాలే ఉన్నాయి. బంతి నీ చేతికొచ్చింది. అంతే, ఆట తీసేసి పంటల కార్యక్రమం పెట్టారు! ఎవరో పెద్దాయన వరినాట్ల గురించి చెబుతుంటే, నేను లేచి నిలబడి "వెయ్యవే, వెయ్యి!" అని అరుస్తున్నాను. అది పడాలనే కోరుకుంటున్నానని అప్పుడు తెలిసింది నాకు.

అనసూయమ్మగారు టీవీని రెండు చరుపులు చరిచి, "ఖతం జేసిన్రు! జరసేపు సూపిస్తే వీళ్ల సొమ్మేం పోతది?" అని తిట్టిపోసింది.

ఇవాళ పేపర్లో మీరు గెలిచారని ఒకే ఒక్క వాక్యం ఉంది. ఎవరి పేరూ లేదు.

అందుకే ఆ రెండు నిమిషాలు నువ్వు రాయి. ఎవరు అడ్డమొచ్చారు, నువ్వెటు తప్పుకున్నావు, బంతి ఎలా పడింది, అన్నీ. అక్క బాధపడుతుందని తగ్గించి రాయకు. బాధపడతాను. అయినా రాయి.

అమ్మకూ నాన్నగారికీ నా నమస్కారాలు. అమ్మమ్మను దీవెనలన్నీ నీకే పెట్టేయకుండా నాకూ కొన్ని మిగల్చమను. అటక మీద నా పాత క్యాన్వాస్ బూట్లు ఎవరికీ ఇవ్వొద్దని అమ్మతో చెప్పు. నీకు కూడా.

నీ అక్క,
సుగుణ