గుట్ట మీద మొర్రిగూడెం

సెప్టెంబర్ 24
మహదేవపూర్ దాటాక జీపు కూడా ఆగిపోయింది. తెలంగాణ కోసం సమ్మె... బస్సుల్లేవు, కాలేజీ లేదు. జనగామ హాస్టల్లో నా పక్క మంచం సమ్మక్క తన ఊరికి తీసుకొచ్చింది. మిగతా దారంతా నడక. ఎటు చూసినా సున్నపురాయి గుట్టలు — పైన బర్రె తోలులా నల్లగా, పగిలిన చోట తెల్లగా. వాగు ఒక బండ కింద దూరి మాయమై, ఎక్కడో అవతల బయటపడుతుంది. ఇదే మొర్రిగూడెం. మా తండా కన్నా చిన్నది.

సెప్టెంబర్ 25
ఇంట్లో కోయ మాట్లాడుకుంటారు. నాకోసం తెలుగులోకి వస్తారు — మరిపెడ అంగట్లో మా అమ్మ లంబాడీ ఆపి తెలుగు అందుకున్నట్టే.

సెప్టెంబర్ 26
జనగామ నుంచి రవన్న ఫోన్, మా కాలేజీలో ఉద్యమం నడిపేది ఆయనే. గుట్టెక్కితేనే సిగ్నల్. అక్టోబర్ 4న ఉద్యమ ర్యాలీ కింది రోడ్డు మీదుగా కాళేశ్వరం పోతుందట. "గుట్ట మీద జై తెలంగాణ కనబడాలె చెల్లే." కాలేజీ గోడల మీద రాతలు నావే కదా. ఒప్పుకున్నా. మా ఇంట్లో చదువు నాతోనే మొదలు. బాపు నా అక్షరాలను వేలితో తడిమి చూస్తాడు. ఈసారి కొండంత రాస్తా.

సెప్టెంబర్ 27
సున్నం ఉంది. కానీ ఏడాదికి ఒక్క బట్టీయే కాలుస్తారు. కొత్త గింజ తినే పండుగకు ఇళ్లన్నీ తెల్లబడాలి. గుట్టకు మొక్కి అడగందే రాయి తీయరు, ఏడాదిలో రెండోసారి అడగకూడదు. ఇళ్లకా, గుట్టకా?

సాయంత్రం ఊరంతా కూర్చుంది. సమ్మక్క నాయనమ్మ ముత్తవ్వ తేల్చింది. ఈ ఏడు ఇళ్లను మట్టితో అలుక్కుంటారట, సున్నం నాకిస్తారట. ఒక్కటే షరతు — రాసేది ఊరి పేరు. తెలంగాణ అనే రాయాలన్నాను.

"తెలంగాణ అందరి నోట్ల ఉన్నది బిడ్డా. మొర్రిగూడెం ఎవల నోట్ల ఉన్నది?"



సెప్టెంబర్ 28
"జై మొర్రిగూడెం." ఇదే. రవన్నకు చెప్పలేదు.

సెప్టెంబర్ 30
ఘోరం. రాళ్లు పేర్చి అక్షరాలకు గుర్తులు పెట్టాం. రోడ్డు దాకా దిగి చూస్తే అన్నీ వంకర. సమ్మక్క 'మొ'ను చూసి, "గిదేందే, కుంటి మేకనా?" అంది. నవ్వు రాలేదు. ఒక్కసారి పూస్తే అంతే, మళ్లీ సున్నం లేదు.

అక్టోబర్ 1
రేల ఆట. ఆడవాళ్లు ఒకరి నడుము ఒకరు పట్టుకుని... వరుస వంగుతుంది, చుట్టుకుంటుంది, విప్పుకుంటుంది, ఎక్కడా తెగదు. చూస్తూ చూస్తూ లేచి నిలబడ్డా. అవి నా అక్షరాలే!

అక్టోబర్ 2
ఆ వరుసనే గుట్టెక్కించాం. నేను కింద రోడ్డు మీద. చున్నీ కుడికి ఊపితే కుడికి, ఎడమకు ఊపితే ఎడమకు. అందరికన్నా ముందు ముత్తవ్వ. డోలు మోగుతుంటే వంపు దానంతటదే వస్తోంది. కుదరగానే వాళ్ల పాదాల వెంటే సున్నం. వానకు కారిపోకుండా తుమ్మబంక కలిపారు. ఒక్కో అక్షరం... ఒక్కో ఆట. చీకటి పడేలోపు అయిపోయింది.

అక్టోబర్ 3
వాన. బయటికి వెళ్లి చూసే ధైర్యం లేదు.

అక్టోబర్ 4
రాత నిలిచింది.

మధ్యాహ్నం ట్రాక్టర్లు వచ్చాయి. మేమంతా గుట్ట మీద. ముందు ట్రాక్టరు ఆగింది. ఎవరో కూడబలుక్కుని చదివారు. ఆ వెంటనే రోడ్డంతా — జై మొర్రిగూడెం! జై తెలంగాణ! మళ్లీ జై మొర్రిగూడెం!

ముత్తవ్వ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విన్నది.

"మల్లొక్కసారి అనుమను."

సమ్మక్క గొంతు చించుకుని చెప్పింది. మళ్లీ అన్నారు. సున్నం కలిపిన నా చేతులు ఇంకా మండుతున్నాయి. మండనీ. ఇంత సంతోషం పరీక్ష పాసైనప్పుడు కూడా లేదు.

అక్టోబర్ 5
రవన్న ఫోన్. కోపం సగం, నవ్వు సగం. "తెలంగాణ ఏది చెల్లే? ఎల్లుండి గదే తొవ్వల వాపస్ వస్తున్నం. పక్క గుట్ట మీదన్న రాయి." సరే అన్నా.

దిగి వచ్చేసరికి వాకిట్లో ఇద్దరు ఆడవాళ్లు. పక్క గుట్ట కింది ఊరివాళ్లు. నెత్తి మీది కుండలు దించారు — వాళ్ల పండుగ సున్నం. "మా ఊరి పేరు గూడ రాస్తవా అక్కా?"

ఊరి పేరు ఏమిటని అడిగాను. ఇద్దరూ ఒక్కసారే చెప్పారు. 'తెలంగాణ' కన్నా పొడుగు.

సమ్మక్క నన్నే చూస్తోంది. ముత్తవ్వ వాళ్లకు నీళ్లిచ్చింది. రవన్నకు సరే అన్నది వీళ్ల గుట్ట మీదే, సున్నం ఒక్క పేరుకే సరిపోతుంది... వాళ్లు కూర్చునే ఉన్నారు.