తలకిందులైన ఆక్టోపస్ పుస్తకం

చెల్లాయ్, ఇక్కడ నేను కులాసా. పాప పుట్టినప్పటి నుంచీ నువ్వు వేళకి తినడం లేదని అమ్మ రాసింది.

మా బైండింగు షాపుకి సైన్సు పుస్తకమొకటి వచ్చింది, కథలా చదివించేస్తుంది. తల్లి ఆక్టోపస్ తిండి మానేసి గుడ్లకి కాపలా కాస్తుందట. పిల్లలు బయటికొచ్చే వేళకి తను చచ్చిపోతుందట. అది చదువుతూ ఆఖరి పదహారు పేజీలూ తలకిందులుగా కుట్టేశాను. "జీతం కుట్టడానికయ్యా, చదవడానికి కాదు!" అని ఓనరు ఎగిరాడు. కుట్టు విప్పుతూ తనూ చదివాడు. నీ సంగతి ఆయనకి తెలుసులే, ఈ కార్డు నా చేతిలో పెట్టి "ముందు మీ చెల్లెలికి రాయి" అన్నాడు.

అమ్మ మోకాలు ఎలా ఉంది? బావగారు కళ్ళజోడు మార్చారా? పాపకి ముద్దులు. ఆ పుస్తకం కొత్తది కొని పంపుతున్నాను, తీరిగ్గా చదువు. ఆఖరి అధ్యాయం మాత్రం అన్నం తిన్నాకే.

మీ అన్నయ్య