నిచ్చెన దిగని నిపుణురాలు

సియాకి అన్నయ్యా,

కొబ్బరిపాలల్లో వండిన చామాకు కుండలో ఉంది, వేడి చేసుకుని తిను. పందులకి మేత వేసేశాను. వానొస్తే చాపలు లోపల పెట్టు.

నేను టూరిస్టులు నిలువు నిచ్చెన దిగి ఈత కొట్టే మన ఊరి సముద్రపు గుంటకి వెళ్తున్నా. నవ్వకు. టూరిస్టుల కోసం నేను నడిపే వెబ్‌సైట్లో "నిచ్చెన చాలా సులువు" అని రాసింది నేనే. పైనుంచి ఫొటోలు తీయడమే తప్ప నేను ఒక్క మెట్టూ దిగలేదని నీకొక్కడికే తెలుసు. నిన్న ఆక్లాండ్ నుంచి ఒక మామ్మగారు ఆ వెబ్‌సైట్లోనే "నా మోకాళ్ళతో దిగగలనా అమ్మాయ్?" అని అడిగారు. హాయిగా దిగొచ్చని జవాబిచ్చేశాను. ఆవిడ రేపు వస్తున్నారు. అందుకే ఇవాళ దిగి చూసి, ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

"కింద నేనుంటా, దిగవే" అని నువ్వెన్నిసార్లు పిలిచినా, అది టూరిస్టుల పని అని తప్పించుకున్నాను. అసలు సంగతి భయం.

ఫేతూ

నీ తువ్వాలు తీసుకెళ్తున్నా. తిన్నాక ఒకసారి అటు రా. నిచ్చెన మధ్యలోనే ఉంటానేమో.