చిలకలగూడ హాకీ స్థలంలో గరిక నాటుట గురించి

సికింద్రాబాదు,
జూన్, 1949.

ఆటస్థలాల పర్యవేక్షణాధికారి గారి సముఖమునకు, చిలకలగూడ మిషన్ బాలికల పాఠశాల డ్రిల్ టీచరు ఎం. దేవకృప వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: బాలికల హాకీ స్థలంలో గరిక నాటుటకు అనుమతి, స్థలమును మోటారు షెడ్డుకు అప్పగించు ఉత్తర్వు నిలుపుదల.

1. పోలీసు చర్య దినాలలో మా ఆటస్థలంలో మిలిటరీ లారీలు దిగినవి. అవి వెళ్లునాటికి పచ్చిక లేదు, మొరం రాళ్లు తేలినవి. దేశం కోసం జరిగినది గనుక ఇందుపై ఫిర్యాదు లేదు.

2. గడ్డి విత్తనం కోరగా తమ కార్యాలయము వారు బొల్లారం గోదాములో మిగిలిన సీమ గడ్డి విత్తనం పంపినారు. అది చలి దేశపు గడ్డి, మన ఎండకు ఆగదు, గరిక ఇప్పించండని అప్పుడే వ్రాసుకొంటిని. పంపిన విత్తనమే చల్లవలెనని జవాబు. రాళ్లేరి, పెంటఎరువు వేసి, విత్తనం ఇసుకతో కలిపి, సగం తూర్పు పడమరలుగా, సగం ఉత్తర దక్షిణాలుగా చల్లితిమి. క్రిస్మస్ నాటికి నేలంతా పచ్చనైనది. తమరు విచ్చేసి, మెచ్చుకొని, ఫోటో కూడా దిగినారు. మార్చి ఎండలకు గడ్డి మాడిపోయినది. అప్పుడు తమరు రాలేదు.

3. ఎండిన నేలకు "నిర్వహణ లోపము" అని నాపై వ్రాసి, ఆగస్టులోగా పచ్చిక కనబడనిచో స్థలం మోటారు షెడ్డుకు ఇవ్వబడునని ఉత్తర్వు పంపినారు. అయ్యా, లోపం నాది కాదు. ఇది వ్రాస్తుంటే నాకు చాలా కోపంగా ఉంది.

4. గరికకు మరల అర్జీ పెట్టుకొంటిని. విత్తనం కూడా అక్కరలేదు, మల్కాజ్‌గిరి పొలం గట్లపై తీగలు ఊరికే దొరుకును, నాటనిస్తే చాలునంటిని. తమ గుమాస్తా బ్రహ్మచారి గారు ఇట్లనిరి:

"గరిక పూజ సామాన్లల్ల వస్తది టీచరమ్మా. మిషన్ బడికి పూజ సామాను మంజూరు చేస్తే రేపు నన్ను పట్టుకుంటరు. ఫైలు దేవుని మాన్యాలు చూసే ఆఫీసుకు పంపిన."

వినాయకునికి పెట్టుటకు కాదు, ఆడపిల్లలు పరుగెత్తుటకని చెప్పితిని.

"గదే రాసియ్యుండ్రి. జెర సబర్ పట్టుండ్రి, తొందర పడకుండ్రి."

ఇటు మా సంఘపెద్ద పేతురు గారు కూడా పూజగడ్డి మిషన్ నేలలో ఎందుకన్నారు. ఆయన రోజూ త్రాగు పాలు ఆ గడ్డి తిన్న గేదెవేనని విన్నవించితిని. ఆయన ఇంకా ఆలోచించుచున్నారు.

5. మా జట్టు కెప్టెన్ మేబెల్ మొరంపై పడి మోకాలు చీరుకొన్నది. పుండులో నుంచి రాయి తీసినారు. తల్లి జ్ఞానమణి బడికి వచ్చి, "ఆటలన్నరు, పంపిన. పిల్ల కుంటుకుంట వచ్చింది. ఇగ పంపను టీచరమ్మా," అన్నది. సాయంత్రాలు మేబెల్ కంచె బయట నిలబడి చూచుచున్నది. నాకు ఏడుపు వస్తుంది. ఒక్కొక్కరే మానేస్తున్నారు. స్థలం పోకముందే జట్టు పోయేటట్లున్నది.

6. గరిక తొలకరిలో నాటితేనే తమరు పెట్టిన గడువుకు అల్లుకొనును. ఈ తడి తప్పితే మాకు స్థలం లేనట్లే. ఫైలు ఏ ఆఫీసులో ఉన్నదో ఎవరూ చెప్పుట లేదు.

కావున కోపంతో వ్రాసినదైనను నిజమే వ్రాసితినని తలచి, పై రెండు కోరికలను వెంటనే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
ఎం. దేవకృప

తా.క. శుద్ధప్రతి వ్రాయుచుండగా వాన మొదలైనది. పిల్లలు మల్కాజ్‌గిరి గట్ల నుంచి తెచ్చిన తీగల గంపలతో వరండాలో నిలబడి, "నాటుదమా టీచర్, లేకపోతె కాయితం అయిందాక ఆగాల్నా?" అని అడుగుతున్నారు. తమ అనుమతి కోసం వాన ఆగదు. నేను నాటించడానికి వెళ్తున్నాను. ఇక దీనిని అర్జీగా కాక సమాచారంగా భావించండి. షెడ్డుకు కొలతలు వేసేవారిని పంపితే చెప్పులు విడిచి రమ్మనండి. గరిక వేళ్లు ఇంకా పట్టుకొని ఉండవు.